సముద్రం చూసిన ముత్యం

హైదరాబాదుకు సముద్రం లేదు. అయినా లోకమంతా దాన్ని ముత్యాల నగరమంటుంది. ఉప్పుగాలి సోకని దక్కను పీఠభూమి మీద కూర్చుని, ఎక్కడో పారశీక సింధుశాఖలో పుట్టిన ముత్యాలను తెప్పించుకుని, వాటికి బెజ్జాలు వేసి, దారాలకు గుచ్చి, చార్మినారు పక్కన అమ్ముకుంటూ ఈ ఊరు తరాలు గడిపింది. ముత్యం ఇక్కడిదే అయిపోయింది. సముద్రం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉన్నది.

ఆ మాటకు వస్తే మా ఇంట్లోనూ ఒక ముత్యం ఉన్నది. పేరు మోతీ. మోతీ అంటే ముత్యమే కదా! జాతి ఏమిటని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు, శుద్ధమైన ఊరకుక్క. గోధుమరంగు ఒళ్లు, రొమ్ము మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. తొమ్మిదేళ్ల కిందట బస్సు స్టాండు అరుగు కింద వానకు తడిసి వణుకుతూ ఉంటే మా మామయ్య తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చారు. ఆ తెల్లమచ్చను చూసే ఆ పేరు పెట్టారు. ఇంట్లో మా అందరికీ అది "మోతీ". మామయ్యకు మాత్రం "వాడు". "వాడు తిన్నడా?" అని అడిగిన తరువాతే ఆయన కంచం ముందు కూర్చునేవారు.

మాది షామీర్‌పేట. సికిందరాబాదు నుంచి కరీంనగరం వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్న ఊరు. నేను మేడ్చల్‌లో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. ఈ చుట్టుపట్ల ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పందిళ్ల కింద వేలాడుతుంటే కారులో వెళ్లేవాళ్లు ఆగి కొనుక్కునేవారు. ఇప్పుడు ఆ పందిళ్ల స్థానే ప్లాట్ల హద్దురాళ్లున్నవి. తుర్కపల్లి వైపు టీకాలు, మందులు తయారుచేసే పెద్ద పెద్ద సంస్థలు వచ్చినవి. న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు మేడ్చల్ పేరుతో ఒక జిల్లాయే వచ్చింది. ఇన్ని వచ్చినా ఊరికి అసలు ఆస్తి ఏదంటే, నిజాము కాలం నాటి చెరువు. దాని కట్ట మీద కట్టమైసమ్మ గుడి. ఆదివారమైతే నగరంలోని సగం జనం ఇక్కడే ఉన్నారా అనిపిస్తుంది. మామూలు రోజుల్లో సాయంకాలం వేళ మాత్రం ఆ చెరువు ఊరివాళ్లది. ఊరివాళ్లలోనూ ముఖ్యంగా మా మామయ్యది.

ఆయన సర్కారు బడిలో లెక్కలు చెప్పి పింఛను పుచ్చుకున్న మనిషి. గడియారం ఆయనను చూసి నడిచేదని మావారు హాస్యమాడేవారు. సాయంత్రం ఐదు కొట్టగానే భుజాన తువ్వాలు, చేతిలో కర్ర, వెనక మోతీ. కట్ట మీద ఒక రాయి ఉన్నది. అదే ఆయన సింహాసనం. చీకటి పడేదాకా అక్కడే. మా అమ్మాయి చిన్నప్పుడు సముద్రం చూపించమని మారాం చేస్తే ఆ రాతి పక్కనే నిలబెట్టి, "ఇదేనమ్మా మన సముద్రం. ఆ సముద్రం నీళ్లు తాగుతందుకు పనికిరావు. ఇవి పనికొస్తయి," అని లెక్కల పంతులు తర్కం చెప్పేవారు. అమ్మాయి నమ్మింది. చాలాకాలం నమ్మింది.

పోయిన వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఆయన నిద్రలోనే వెళ్లిపోయారు. ఇంటికి పెద్దదిక్కు పోతే ఏమవుతుందో ఆ బాధ పడ్డ ఇళ్లవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. కర్మలు జరిగినవి, చుట్టాలు వచ్చి వెళ్లారు. మావారు దుఃఖాన్ని ఆఫీసు ఫైళ్లలో దాచుకున్నారు. మా అత్తమ్మ సంగతే మాకు పాలుపోలేదు. ఆమె ఏడవలేదు. ఆయన పడకకుర్చీని గోడవైపు తిప్పిపెట్టింది. అంతే. అటు తరువాత ఆయన ప్రసక్తి ఆమె నోట రాలేదు. మేము ఎత్తితే లేచి వంటింట్లోకి పోయేది. వేళకు ఇంత తినేది, వేళకు పడుకునేది, అడిగినదానికి బదులు చెప్పేది. చూసేవాళ్లకు నిబ్బరంగానే కనిపించేది. ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుసు, అది మూసిన తలుపు అని.

మోతీ తలుపులు మూసుకోలేదు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగోనాడు సాయంత్రం ఐదింటికి లేచి, ఒళ్లు దులుపుకుని, ఒంటరిగా కట్ట మీదికి వెళ్లింది. చీకటి పడ్డాక తిరిగి వచ్చింది. మరునాడూ అంతే. చెరువులో వల వేసే ఆయన ఒకరు నాకు దారిలో కనబడి, "టీచరమ్మా, కుక్క ఒక్కతే వస్తున్నదేంది? పెద్దసారుకు పాణం బాగలేదా?" అని అడిగాడు. విషయం చెప్పాను. ఆ మనిషి భుజం మీది వల దించి కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. "గందుకేనా, ఆ రాయి కాడనే కూసుంటది," అన్నాడు.

ఇలాంటి నిరీక్షణకు లోకంలో పేరుపడ్డ కుక్క ఒకటి ఉన్నది. జపానులో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం బోధించిన ఉయెనో అనే ఆచార్యుని కుక్క. పేరు హచికో. రోజూ షిబుయా రైలు స్టేషనుకు వెళ్లి యజమానిని ఇంటికి తీసుకువచ్చేది. 1925 మే నెలలో ఆచార్యుడు పనిలో ఉండగానే కన్నుమూశాడు. హచికో ఆ తరువాత దాదాపు పదేళ్లపాటు, 1935 మార్చి 8న తాను చనిపోయేదాకా, అదే స్టేషనుకు వెళుతూనే ఉన్నది. బతికుండగానే 1934లో దానికి కంచు విగ్రహం పెట్టారు. యుద్ధకాలంలో ఆ లోహం కరిగించేశారు. యుద్ధం ముగిశాక 1948లో జనం మళ్లీ పెట్టుకున్నారు. ఇటీవల 2015లో ఆ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇంకొక విగ్రహం వెలిసింది. అందులో ఆచార్యుడు తిరిగి వచ్చాడు. హచికో ఎగిరి ఆయన ఒడిలోకి దూకుతున్నది. తొంభై ఏళ్ల ఎదురుచూపును ఒక శిల్పి ఆ విధంగా తీర్చాడు.

మనవాళ్లు ఈ విషయంలో ఏమీ వెనకబడినవాళ్లు కారు సుమండీ. పొరుగున కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో క్రీ. శ. 950 ప్రాంతంలో వేయించిన ఒక శిలాశాసనం ఉన్నది. రాష్ట్రకూటుల పక్షాన చోళులతో పోరాడి మెప్పు పొందిన మణలేరుడు అనే వీరుడు బహుమానంగా ఏమి కోరుకున్నాడనుకున్నారు? గంగరాజు బూతుగుని దగ్గరున్న "కాళి" అనే వేటకుక్కను. ఆ కాళి ఒక అడవిపందితో తలపడింది; రెండూ చచ్చిపోయినవి. మణలేరుడు ఆ కుక్క స్మృతికి గుడి ముందర రాయి నిలిపి, పూజకు భూమి కూడా ఇచ్చాడు. రాతి మీద కుక్క, పంది పోరాడుతున్న బొమ్మ ఉన్నది. రాజుల యుద్ధాలకు సాక్ష్యంగా చరిత్రకారులు ఆ శాసనాన్ని చదువుతారు. వేయించినవాడు మాత్రం ఒక కుక్కను మరిచిపోకుండా ఉండటానికి వేయించాడు.

ఇక మా సముద్రయాత్ర సంగతి. సంక్రాంతి సెలవులకు ఎక్కడికైనా వెళదామన్నారు మావారు. ఇంట్లో ఆ గోడవైపు తిరిగిన కుర్చీని చూస్తూ పండుగ చేసుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇంటరు చదువుతున్న మా అమ్మాయి, "సముద్రం! నిజం సముద్రం!" అన్నది. అత్తమ్మ రానంటుందని మేము అనుకుంటూనే ఉన్నాం. ఆమె వంటింటి గడపలో నిలబడి, "మోతీ వస్తెనే నేనొస్త," అన్నది.

ఆ ఒక్క షరతుతో సంసారం యావత్తూ తలకిందులైంది. రైల్లో కుక్కను తీసుకుపోవాలంటే మొదటి తరగతిలో కూపే మొత్తం మనదే అయి ఉండాలి. లేదా గార్డు పెట్టెలో కుక్కల కోసం ఉన్న అరలో ఒంటరిగా పంపాలి. ఒంటరిగా పంపే మాటకు అత్తమ్మ ఒప్పుకోలేదు. కారులోనే పోదామన్నారు మావారు. తరువాత బస. ఒక హోటలు మేనేజరు ఫోనులో చాలా మర్యాదగా మాట్లాడి, నలుగురు మనుషులకూ స్వాగతం పలికి, కుక్క మాట చెప్పగానే, "సారీ మేడం, కుక్కలకు ప్రవేశం లేదు," అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకంటే ఆ మాట మొదట అన్నవాడు ఆయన కాదు, దేవేంద్రుడు.

మహాప్రస్థానిక పర్వం కథ మీ అందరికీ తెలిసిందే. స్వర్గద్వారం దాకా వెంట వచ్చిన కుక్కను వదిలితేనే రథమెక్కమంటాడు ఇంద్రుడు. నమ్మి వచ్చినదాన్ని వదలనంటాడు ధర్మరాజు. చివరికి ఆ కుక్క ధర్మదేవతే అని తేలుతుంది. ఇంతవరకు పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ కుక్క హిమాలయాల్లో ఉన్నట్టుండి ప్రత్యక్షం కాలేదు. హస్తినాపురం నుంచే వెంట వచ్చింది. పాండవులు తిన్నగా ఉత్తరానికి పోలేదు కూడా. ముందు తూర్పు కడలికి వెళ్లారు. అగ్నిదేవుడు అడిగితే అర్జునుడు గాండీవాన్ని అక్కడ నీళ్లలో విడిచిపెట్టాడు. అక్కడినుంచి తీరం వెంబడి దక్షిణానికి, పడమటికి తిరిగారు. సముద్రం ముంచివేసిన ద్వారకను చూశారు. కృష్ణుడు తిరుగాడిన వీధుల మీద అలలు నడుస్తున్నవి. అది చూసిన తరువాతనే ఉత్తరముఖం పట్టారు. ఆ తీరమంతా ఆ కుక్క వాళ్ల వెంట నడిచింది. ఆరుగురు మనుషులు, ఒక కుక్క, పోయిన ఆప్తుని తలపు, ఎదుట సముద్రం! విరాటపర్వం నుంచి చివరిదాకా భారతాన్ని తెనిగించిన తిక్కన ఈ ఘట్టానికి కూడా తెలుగు చేశాడు. ఏటేటా క్లాసులో ఈ కథ చెబుతాను. నా సామానులో నీళ్ల గిన్నె, గొలుసు, జొన్నరొట్టెలు సర్దుకుంటూ దాన్ని తలుచుకోవడం మాత్రం అదే మొదలు.

బస సమస్యను నా సహాధ్యాపకురాలు తీర్చింది. వాళ్ల చుట్టాలకు బాపట్ల దగ్గర సూర్యలంక దారిలో పెంకుటిల్లు ఉన్నదట, పెరట్లో వేపచెట్టు కూడా ఉన్నదట. "కుక్కనే కాదు, ఆవును తెచ్చినా కట్టేయడానికి చోటున్నది," అన్నది. ఔటర్ రింగురోడ్డు పట్టుకుని, విజయవాడ దారిలో పడి, గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల చేరేసరికి పొద్దు వాలింది. దారి పొడుగునా మోతీ అత్తమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకున్నది. కిటికీలోంచి కృష్ణమ్మ కనిపించినప్పుడు మాత్రం ఇద్దరూ తల ఎత్తి చూశారు.

కుక్కతో సముద్రానికి వెళ్లదలచినవారికి ఉపయోగపడుతుంది కాబట్టి ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పనివ్వండి. కుక్కకు అలల ఉప్పునీళ్లు తాగే బుద్ధి పుడుతుంది. తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటవి. అందుకని మంచినీళ్లు మన వెంట ఉండాలి, గంటగంటకూ పట్టాలి. మిట్టమధ్యాహ్నం ఇసుకలో నడిపించకూడదు. మన చెప్పుల విలువ దాని పాదాలకు తెలుస్తుంది. తిరిగి వచ్చాక మంచినీళ్లతో ఒళ్లు కడిగి తుడవాలి. అన్నిటికన్నా ముఖ్యం, గొలుసు విప్పకూడదు. చలికాలం, ఎండాకాలం మొదట్లో మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తవి. ఒక్కొక్క గుంటలో నూరు గుడ్ల దాకా ఉంటవి. కుక్కలు ఆ గుంటలు తవ్వి తినేస్తవి. అటవీశాఖవారు ఆ గుడ్లను ఏరి కంచెలు వేసిన చోట పొదిగించి పిల్లలను సముద్రంలో వదులుతారు. తాను పుట్టిన తీరాన్ని తాబేలు ఏళ్ల తరువాత కూడా గుర్తుపట్టి, గుడ్లు పెట్టడానికి ఆ ప్రాంతానికే తిరిగి వస్తుందట. భూమి అయస్కాంతశక్తే దానికి దిక్సూచి అని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. వేల మైళ్లు తిరిగిన ప్రాణికి ఒక్క ఇసుకదిబ్బ జ్ఞాపకం ఉండటమంటే సామాన్యమా?

మరునాడు పొద్దున్నే సముద్రం చూశాం. సరుగుడు చెట్లు దాటగానే ఒక్కసారిగా ఎదురైంది. అమ్మాయి పరిగెత్తింది. మోతీ ఆగిపోయింది. చెవులు నిక్కబొడిచి, తోక కాళ్ల మధ్యకు లాక్కుని, అల వెనక్కు పోతే రెండడుగులు ముందుకు, అల వస్తే నాలుగడుగులు వెనక్కు. ఒక అల మీద మొరిగింది. అల వెనక్కు పోయింది. తనకే భయపడి పోయిందనుకున్నది కాబోలు, ఛాతీ విరుచుకుని మమ్మల్ని చూసింది! మావారు చాలా నెలల తరువాత బిగ్గరగా నవ్వారు. అత్తమ్మ దూరంగా ఇసుకలో కూర్చుని చూస్తూ ఉన్నది. నీళ్ల దగ్గరకు రాలేదు.

సాయంకాలం మళ్లీ వెళ్లాం. అలల దగ్గర గెంతులు వేస్తున్న మోతీ ఒక వేళకు ఉన్నట్టుండి ఆట మానింది. నాకు అనుమానం వచ్చి గడియారం చూస్తే ఐదు. కాసేపు అటూ ఇటూ వాసన చూసింది. అక్కడ కట్ట లేదు, రాయి లేదు. వచ్చి అత్తమ్మ పక్కన, ఆయన పక్కన కూర్చున్నట్టే, ముందుకాళ్లు చాపి నీళ్లవైపు ముఖం పెట్టి కూర్చున్నది. అత్తమ్మ దాని మెడమీద చేయి వేసింది.

"సూడు మోతీ," అన్నది. "మీ సారు సూపియ్యని సముద్రం ఇదే."

నేను కదలలేదు. మాట్లాడితే ఆ తలుపు మళ్లీ మూసుకుంటుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీశాను.

"ఎందుకు సూపియ్యలేదో మీ ఎవ్వరికి తెల్వదు బిడ్డా," అన్నది నాతో, చూపు నీళ్ల మీదనే ఉంచి. "మా పెండ్లయి అప్పటికి రెండేండ్లు. ఉప్పెన వచ్చిందని రేడియోల చెప్పిన్రు. సార్లందరు బియ్యం, బట్టలు జమచేసిన్రు. ఈయన ఆ మూటలెంబడి ఈ దిక్కే వచ్చిండు. వారం రోజులన్నడు, ఇరవై రోజులకు ఇల్లు చేరిండు. చేరినంక అన్నం సయించలె. 'చిన్నపిల్లల్ని మోసిన' అన్నడు. గంతే. మళ్ల ఎన్నడు చెప్పలె. నేను ఎన్నడు అడగలె."

ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఐదు మీటర్ల ఎత్తున సముద్రం దివిసీమ మీద పడి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. బాపట్ల పరిసరాలు కూడా తుపానుకు చితికిపోయినవి. పోయినవారు సర్కారు లెక్కల్లోనే పదివేల దాపున. దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చి శవాలకు దహనాలు చేశారు, బతికినవారికి గంజి పోశారు. అవనిగడ్డ దగ్గర ఆ ఉప్పెనకు ఒక స్మారకం ఉన్నది. అక్కడికి వచ్చి పనిచేసి, ఏ రాతిమీదా పేరు లేకుండా ఇళ్లకు తిరిగిపోయిన వేలాదిమందిలో మా లెక్కల మాస్టారు ఒకరు. మావారికి ఆ సంగతి తెలియదు. నలభై ఏళ్లు ఒకే కప్పు కింద ఉండి తెలియదు.

"నాకు సముద్రం సూడాలని ఉండె," అన్నది అత్తమ్మ. "సినిమాల సూసినప్పుడల్ల ఉండె. అడిగితె ఆయన కాదనకపోవు. తీసుకపోతుండె. గందుకే అడగలె."

పాఠక మహాశయులారా, నేను తెలుగులో ఎం. ఏ. చదివాను. శృంగారమంటే ఏమిటో, దాంపత్యమంటే ఏమిటో అలంకారశాస్త్రాలు ఎలా వివరించాయో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ ఒక్క మాటకు సరితూగే నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అడిగితే ఇస్తాడని తెలిసి అడగకపోవడం! ఆయన చెరువును చూపించి "మన సముద్రం ఇదే" అన్నప్పుడల్లా అది పిల్లల కోసం చెప్పిన మాట అనుకున్నాం మేమంతా. ఆమెకు మాత్రం ఆ మాట అర్థం తెలుసు. తెలుసునని ఆయనకూ తెలుసేమో. ఆ లెక్క వాళ్లిద్దరి మధ్య తీరిపోయింది.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఆమె చెబుతూనే ఉన్నది. పెళ్లిచూపుల నాడు ఆయన లెక్క తప్పుగా చెప్పిన సంగతి, మొదటి జీతంతో తెచ్చిన చీర సంగతి, మావారు పుట్టిననాడు బడికి సెలవు పెట్టకుండా పోయి మధ్యాహ్నం గంటకే పరిగెత్తుకు వచ్చిన సంగతి. మావారు ఇసుకలో గీతలు గీస్తూ విన్నారు. అమ్మాయి నానమ్మ భుజం మీద తల పెట్టి విన్నది. ఎప్పుడు మొదలైనవో తెలియదు, అత్తమ్మ చెంపల మీద కన్నీళ్లు కారుతున్నవి. ఆమె వాటిని తుడుచుకోలేదు, మాట ఆపలేదు. మోతీ ఒక్కసారి తల ఎత్తి ఆమె చేయి నాకి, మళ్లీ నీళ్లవైపు తిరిగింది.

తరువాత ఆమె లేచి, చీరె కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, మనవరాలి చేయి పట్టుకుని మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగింది. దోసిట్లోకి తీసుకుని నాలుకకు తాకించి, "నిజమే చెప్పిండు, తాగుతందుకు పనికిరావు," అన్నది. ఏడుస్తూ నవ్వింది.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. దుఃఖంలో ఉన్నవాళ్లను మనం మాట్లాడించాలనుకుంటాం, మరిపించాలనుకుంటాం. "కాస్త మనసు మళ్లించుకోండి" అంటాం. మోతీ ఆమెను మరిపించబోలేదు, ఏమీ అడగలేదు. పోయినాయన వేళను పోకుండా కాపాడింది. ఐదింటికి లేవడం, నీళ్ల ముందు కూర్చోవడం, పక్కన మనిషి ఉంటే ఆ మనిషికి ఆనుకోవడం. అది చేసిందంతా ఇదే. షామీర్‌పేటలో ఉన్నా సూర్యలంకలో ఉన్నా ఆ వేళ మారలేదు. ఆ వేళలోకి అత్తమ్మ తనంతట తాను వచ్చి కూర్చున్నది. స్మరణ అంటే అట్లా ఒక చోటు, ఒక వేళ, ఒక తోడు ఉండే పని అని నాకనిపిస్తున్నది. మన పెద్దలు తిథులు, తద్దినాలు ఏర్పరచడంలోని కిటుకు కూడా ఇదేనేమో. శోకానికి ఒక వేళ దొరికితే మిగతా వేళలు మనకు మిగులుతవి.

సముద్రానికి వెళ్లలేని వారికి కూడా ఈ మాట వర్తిస్తుంది. మన ఊళ్లలో ప్రతిదానికీ ఒక చెరువు ఉండేది. చెరువుకు కట్ట, కట్ట మీద ఒక చెట్టో, గుడో, రాయో ఉండేవి. పొలానికి నీళ్లిచ్చేది సరే, మనిషి ఒంటరిగా కూర్చుని తన చనిపోయినవాళ్లతో మాట్లాడుకోవడానికి చోటు కూడా ఇచ్చేది. చెరువులు పూడ్చి ఇళ్లు కట్టుకునేవాళ్లు ఈ లెక్క వేసుకుంటారో లేదో!

మా కుర్చీ ఇప్పుడు వీధివైపు తిరిగి ఉన్నది. సాయంత్రం ఐదుకు అత్తమ్మ చెప్పులు వేసుకుంటుంది. మోతీ ముందు నడుస్తుంది. మామయ్యంత వేగం ఆమెకు లేదు గనుక మలుపు మలుపు దగ్గరా ఆగి వెనక్కు చూస్తుంది. వల వేసే ఆయన "పెద్దమ్మా, దండాలు" అంటాడట. ఆదివారమైతే అమ్మాయి, మావారు కూడా వెళతారు. ఆ రాయి ముగ్గురికి చాలదు. ఇద్దరు కింద కూర్చుంటారు.

మోతీ మెడపట్టీ మీద సముద్రపు ఉప్పు తెల్లని చారలు కట్టింది. నిన్న కడుగుదామని చేతిలోకి తీసుకుంటే అత్తమ్మ పొయ్యి దగ్గరనుంచే కేకవేసింది: "ఉండనియ్ బిడ్డా, దాన్ని అట్లనే ఉండనియ్."